ఎమ్మార్పీకి మించి: ఒక లిమిటెడ్ ఎడిషన్ వాచీని అమ్మిన అనుభవం

గత ఏడాది ఒక చిన్న దేశీ వాచీల కంపెనీ రెండు వందల వాచీలు మాత్రమే తయారు చేసి, ఒక్కొక్కదాని వెనుక మూత మీద వరుస సంఖ్య చెక్కించి, రూ. 64,000 ధరకు అమ్మకానికి పెట్టింది. వాటిలో రెండు మా ఇంటికి వచ్చాయి. ఒకటి నేను పెట్టుకోవడానికి కొనుక్కున్నది. రెండోది మా ఆవిడ తన జీతం డబ్బుతో, తన పేరు మీద, వాళ్ల నాన్నగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు ఇవ్వాలని కొన్నది. ఆ రెండో వాచీ చివరకు కొన్న ధర కంటే ఎక్కువకే మరొకరి చేతికి వెళ్లింది.

ఇలాంటి వాచీలను కొని లాభానికి అమ్మడం గురించి వాచీల సరదా ఉన్నవాళ్లలో వాదన ఎప్పుడూ ఉండేదే. నా డబ్బు పెట్టి కొన్నాను, నాకు తోచిన ధరకు అమ్ముకుంటాను అనేది ఒక పక్షం. ఇది పచ్చి బ్లాక్ దందా అనేది రెండో పక్షం. ఒక అమ్మకాన్ని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాక, లాభం ఎంత వచ్చింది అన్నదాని కంటే, ఆ వాచీని దక్కించుకోవడానికి ఎవరికి ఏం చెప్పాం అన్న ప్రశ్నే పెద్దదని నాకు అనిపించింది. అలా ఎందుకు అనిపించిందో తెలియాలంటే జరిగిన సంగతి వివరంగా చెప్పాలి.

ఆ వాచీ డయల్ నీలిరంగు ఎనామెల్‌తో చేసినది. లోహపు బిళ్ల మీద గాజుపొడి పరిచి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కాల్చి, చల్లారాక మళ్లీ పొడి పరిచి, మళ్లీ కాల్చి చేసే పని అది. కొలిమిలో ఒక బుడగ లేచినా, అంచున వెంట్రుకంత పగులు వచ్చినా ఆ బిళ్ల పనికిరాదు. లోపల ఉన్న మెషిన్ మాత్రం జపాన్ సిటిజన్ వారి మియోటా ఆటోమేటిక్, అంటే ఎన్ని కావాలంటే అన్ని దొరికేదే. కనుక రెండు వందలు అన్న సంఖ్య డయళ్ల వల్ల పుట్టింది. అంటే ఈ వాచీ కొరతకు ఒక అసలు కారణం ఉంది. అన్ని లిమిటెడ్ ఎడిషన్లూ ఇలా ఉండవు. మామూలు డయల్‌కు రంగు మార్చి, వెనుక ఒక సంఖ్య చెక్కి, ఆరు నెలలు తిరగకుండానే అదే వాచీని ఇంకో రంగులో ఇంకో సంఖ్యతో తెచ్చే కంపెనీలు ఉన్నాయి. ఆ కొరతను పుట్టించింది కంపెనీయే అయినప్పుడు, దాని మీద నాలుగు రూపాయలు సంపాదించుకున్న కుర్రవాణ్ణి ఒక్కణ్ణే తిట్టిపోయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

బుకింగ్ రోజున కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే: మనిషికి ఒక వాచీ. ఫోన్ నంబరుకు వచ్చిన ఓటీపీ కొట్టాక, డబ్బు కట్టే ముందు, 'ఈ వాచీని నా సొంత వాడకానికి గానీ బహుమతిగా ఇవ్వడానికి గానీ కొంటున్నాను' అన్న వాక్యం పక్కన టిక్కు పెట్టాలి. ఆ వాక్యానికి చట్టం దృష్టిలో ఎంత బలం ఉంటుందో గానీ, చదివి టిక్కు పెట్టినవాడు ఒక మాట ఇచ్చినట్టే. మేమిద్దరం భోజనాల బల్లకు చెరోవైపు కూర్చుని, ఎవరి ఫోన్లో వాళ్లం ప్రయత్నించాం. చూస్తుండగానే స్టాకు అయిపోయిందన్న ఎర్ర అక్షరాలు తెర మీదకు వచ్చాయి. అప్పటికే ఇద్దరికీ రసీదులు వచ్చేశాయి.

వాచీ తీసుకుని తెనాలి వెళ్లాం. మామయ్య గారు పెట్టె తెరిచి, కళ్లజోడు పైకి ఎత్తి, డయల్‌ను కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూశారు. "పనితనం బాగుందమ్మా, కానీ ఇందులో నాకు టైము కనపడడం లేదు, తారీఖు అసలే లేదు" అన్నారు. నిజమే. సన్నటి ముళ్లు, అంకెలకు బదులు చిన్న గీతలు. ఆయనకు కావలసింది పెద్ద అంకెలు, తారీఖు, వారం ఉండే వాచీ. పైగా అరవై నాలుగు వేల వాచీ పెట్టుకుని రైతుబజారులో వంకాయలు బేరమాడడం తన వల్ల కాదని తేల్చేశారు. ఆయన చేతికి ఉన్నది పెళ్లిలో అత్తవారు పెట్టిన హెచ్‌ఎంటీ.

ఆ సందర్భంలో ఆయన చెప్పిన పాత సంగతి నాకు తర్వాత చాలాసార్లు గుర్తుకు వచ్చింది. హెచ్‌ఎంటీ వాళ్లు సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టాక, పెళ్లికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో అనే జాబితాలో వాచీ అంటే హెచ్‌ఎంటీయే అయిపోయింది. అందులోనూ బంగారు రంగు 'కాంచన్'కు పెళ్లిళ్ల కాలంలో విపరీతమైన గిరాకీ ఉండేది. ఆయన ఎరిగిన ఒక షాపులో కాంచన్ కావాలంటే బిల్లు మీద ఉన్న ధర గాక పైన కొంత చేతిలో పెట్టవలసి వచ్చేదట. ఆ పైసొమ్మును అప్పట్లో అందరూ తిట్టుకుంటూనే ఇచ్చేవారు. 1987లో టైటాన్ వాచీలు బజారులోకి వచ్చి, ఎంచుకోవడానికి రకరకాల మోడళ్లు దొరికే రోజులు రావడంతో ఆ తిప్పలు వాటంతటవే పోయాయి. ఆ కొరత సరుకు చాలకపోవడం వల్ల వచ్చింది కాబట్టి సరుకు పెరిగితే తీరిపోయింది. లిమిటెడ్ ఎడిషన్‌లో కొరత అనేది కంపెనీ ఇచ్చిన మాట. ఇంకెప్పుడూ చేయం అన్నదే ఆ మాట కాబట్టి అది తీరే కొరత కాదు. కాలం గడిచేకొద్దీ ధర మీద ఆశ పెరిగే కొరత.

హైదరాబాద్ తిరిగి వచ్చాక వాచీని వెనక్కి తీసుకోమని కంపెనీకి రాశాను. బిల్లు, వారంటీ ఒకరి పేరు మీద నమోదైపోయాక మళ్లీ కొత్త వాచీగా అమ్మడం తమకు వీలుకాదని, మీరే ఎవరికైనా ఇచ్చుకోవచ్చని, కొత్త యజమాని పేరు తెలియజేస్తే వారంటీ వాళ్ల పేరుకు మారుస్తామని మర్యాదగా జవాబు వచ్చింది. ఎంతకు అమ్మాలి అన్నదాని గురించి ఒక్క ముక్క కూడా లేదు. అప్పటికే అదే మోడల్ ఇంటర్నెట్‌లో లక్షా నలభై వేలకు కనిపిస్తోంది.

మా దగ్గర ఒకటి ఉందన్న సంగతి తెలిసి నాకు మొదట ఫోన్ చేసినవాడు ఇదే వ్యాపారంగా పెట్టుకున్న ఒక యువకుడు. వాచీ చూపించడానికి కాదు గానీ, ఈ బేరాలు ఎలా సాగుతాయో తెలుసుకుందామని సికింద్రాబాద్‌లోని అతని గదికి వెళ్లాను. ఒక మంచం, ఒక ఏసీ, గోడకు ఆనించి పెట్టిన ఇనుప బీరువా. బీరువా నిండా సీలు విప్పని పెట్టెలు. నేను కూర్చున్నంతసేపూ అతను జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఒక పెట్టె అడుగున వెచ్చటి గాలి కొడుతూ, ఎమ్మార్పీ స్టిక్కర్‌ను గోటితో మెల్లగా, అట్ట చిరగకుండా లేపుతున్నాడు. స్టిక్కర్ ఊడి వచ్చాక దాన్ని మడిచి చెత్తబుట్టలో పడేయలేదు. ఒక పాత డైరీలో అంటించుకున్నాడు. ఏ వాచీ అసలు ధర ఎంతో తనకైనా గుర్తుండాలి కదా అన్నాడు.

"నేను ఏమన్న దొంగతనం చేస్తున్ననా అన్నా? పది మంది పేర్ల మీద పెట్టిన, మూడు పడ్డయి. ఒక్కో పేరుకు రెండు వేలు ఇచ్చిన. పొద్దుగాల్నే లేచి ఫోన్లు పట్టుకుని కూర్చున్న. గుంటూరుల ఉన్నాయనకు ఆ టైముల బ్యాంకుల డ్యూటీ ఉండె. ఆయనకు వాచీ దొరకలే. నేను ఇస్తున్న. నా కష్టానికి తీసుకుంటున్న."

కష్టం ఉందన్న మాట అబద్ధం కాదు. నష్టం కూడా ఉంటుందని అతనే చెప్పాడు. 2022 మార్చి 26న స్విట్జర్లాండ్ వాచీ కంపెనీలు స్వాచ్, ఒమేగా కలిసి పదకొండు రంగుల్లో మూన్‌స్వాచ్ అనే వాచీని విడుదల చేసినప్పుడు లండన్‌లో, సింగపూర్‌లో దుకాణాల ముందు జనం తోసుకున్నారు. బ్రిటన్‌లోని కొన్ని ఊళ్లలో భద్రత కారణంగా దుకాణాలు మూసివేయవలసి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో 250 ఫ్రాంకుల వాచీ ఆ వారంలోనే కొన్ని రెట్లకు చేతులు మారింది. సింగపూర్‌లో ఉన్న చుట్టం ద్వారా ఇతను కూడా ఆ పెరిగిన రేటుకు కొన్ని తెప్పించుకున్నాడు. అవి లిమిటెడ్ ఎడిషన్ కాదని కంపెనీ చెబుతూనే ఉంది. వినేవాడెవడు? దుకాణాలకు సరుకు వస్తూనే ఉండడంతో ధర జారింది, ఇతని డబ్బు ఇరుక్కుంది. వ్యాపారంలో అది మామూలే కాబట్టి నేను జాలిపడలేదు, అతనూ జాలి అడగలేదు.

అతని వాదనలో నాకు నిజంగా గట్టిగా తగిలిన మాట వేరే ఉంది. "పెద్దోళ్లు చేస్తే వేలం, మేం చేస్తే బ్లాకా అన్నా?" అన్నాడు. స్విట్జర్లాండ్ కంపెనీ పటెక్ ఫిలిప్ తన 5711 అనే మోడల్‌ను 2021 ఏప్రిల్‌లో ఆకుపచ్చ డయల్‌తో తెచ్చింది. మూడు నెలలకే, ఫ్యాక్టరీ సీలు కూడా విప్పని ఒక వాచీ మొనాకోలో ఆంటికోరమ్ అనే సంస్థ వేలంలో అసలు ధరకు పది రెట్లకు పైగా, నాలుగు లక్షల యూరోలు దాటి పలికింది. ఒక్కరోజైనా ముంజేతి మీద ఎక్కని వాచీ అది. అదే ఏడాది డిసెంబరులో, అమెరికా నగల కంపెనీ టిఫనీ వారి నీలం రంగు డయల్‌తో 170 మాత్రమే చేసిన 5711ల్లో ఒకటి న్యూయార్క్‌లో ఫిలిప్స్ అనే వేలం సంస్థ వేలంలో 65 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ రెండోదాన్ని పటెక్, టిఫనీ కంపెనీలే వేలానికి పెట్టాయి, వచ్చిన డబ్బు ప్రకృతి పరిరక్షణ సంస్థకు వెళ్లింది కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. మొదటిదాన్ని మాత్రం ఇతని బీరువాలోని పెట్టెల నుంచి వేరు చేసి చూడడానికి నాకు ఏ ఆధారమూ దొరకలేదు. ఎక్కువ డబ్బున్నవాడు ఎక్కువ ఖరీదైన వాచీతో చేశాడు, అంతే.

అయినా గుంటూరు బ్యాంకు ఉద్యోగి సంగతిలో నేను ఒప్పుకోలేకపోయాను. సినిమా హాలు దగ్గర పదిమంది కుర్రాళ్లను లైన్లో నిలబెట్టి టికెట్లు కొనిపించి, హౌస్‌ఫుల్ బోర్డు పడ్డాక, టికెట్ దొరకనివాళ్లకు నేను సాయం చేస్తున్నాను అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. ఆ పది పేర్లు లేకపోతే గుంటూరాయనకు భోజన విరామం దాకా వాచీ మిగిలి ఉండేదేమో. రెండు వేలు తీసుకుని టిక్కు పెట్టిన ఆ పదిమందిలో ఒక్కరికీ వాచీ పెట్టుకునే ఉద్దేశం గానీ బహుమతిగా ఇచ్చే ఉద్దేశం గానీ లేదు. ధర లక్షా నలభై వేలు అయినా, అరవై అయిదు వేలు అయినా ఆ అబద్ధం బరువు మారదు. ఈ మాట అతనితో అంటే నవ్వి, "టిక్కు అందరు పెడతరు, ఎవరు చదువుతరు?" అన్నాడు.

చట్టం ఇందులో ఎక్కడ నిలబడుతుందో కూడా కొంత చదువుకున్నాను. ప్యాకెట్‌లో వచ్చిన సరుకును దాని మీద ముద్రించిన ధరకు మించి అమ్మకూడదని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఒక మనిషి తాను వాడుకున్న వస్తువును ఇంకొకరికి అమ్ముకోవడం వేరే సంగతి. చిత్రమేమిటంటే, ఈ బజారులో ఎక్కువ ధర పలికేది సీలు విప్పని పెట్టెకే, అంటే ఎమ్మార్పీ నిబంధనకు అతి దగ్గరగా ఉండే సరుకుకే. డ్రయ్యర్ అందుకే. పన్నులోనూ ఇలాంటి తేడాయే ఉంది. సొంతానికి వాడుకునే వాచీ ఆదాయపు పన్ను లెక్కలో వ్యక్తిగత వస్తువు. దాన్ని అమ్మితే మూలధన లాభం కిందికి రాదు. అమ్మడానికే కొన్నవాడిది మాత్రం వ్యాపారం, వచ్చినది వ్యాపార ఆదాయం. రెండు చోట్లా చట్టం అడుగుతున్నది దాదాపు ఒక్కటే: దీన్ని ఎందుకు కొన్నావు?

ఇక మా వాచీ సంగతి. కొన్న ధరకే ఇచ్చేద్దామని నేను అన్నాను. దానికి మా ఆవిడ, "ఏమండీ, అరవై నాలుగు వేలకు ఇస్తామంటే వచ్చే మొదటి మనిషి ఆ సికింద్రాబాద్ అబ్బాయి పంపినవాడే అవుతాడు" అంది. ఆమె అన్నది నిజమని రెండు రోజుల్లోనే తేలింది. నాకు తెలిసిన కొద్దిమందికి చెప్పగానే, ముందెన్నడూ వాచీల ఊసెత్తని మనుషులు ఫోన్లు చేసి, సీలు అలాగే ఉందా, బిల్లు ఒరిజినల్ ఇస్తారా అని అడగడం మొదలుపెట్టారు. డయల్ గురించి ఒక్కరూ అడగలేదు. తక్కువ ధరకు అమ్మినంత మాత్రాన లాభం మాయం కాదు. మన జేబులో పడవలసింది మధ్యవాడి జేబులో పడుతుంది, పెట్టుకోవాలనుకున్నవాడు ఎలాగూ పూర్తి ధరే కడతాడు. దాతృత్వం చూపించామన్న తృప్తి మనకు, డెబ్బై ఆరు వేలు ఇంకొకరికి.

కాబట్టి ధరను పక్కన పెట్టి, ఎవరికి ఇస్తున్నాం అన్నది ముందు చూసుకున్నాం. హనుమకొండలో పాలిటెక్నిక్ లెక్చరర్‌గా పనిచేసే ఒకాయన రాసిన ఉత్తరం లాంటి మెసేజ్ మిగతావాటికి భిన్నంగా ఉంది. ఎనామెల్ డయల్ వేసవిలో, చలికాలంలో ఎలా నిలుస్తుంది, మెషిన్ రోజుకు ఎన్ని సెకన్లు తేడా చూపిస్తోంది, స్టీల్ చెయిన్ తీసి తోలు బెల్టు వేసుకోవచ్చా అని అడిగారు. తనకు బుకింగ్‌లో దొరకలేదని, ఆ సమయంలో పరీక్షల డ్యూటీలో ఉన్నానని రాశారు.

నేను పెట్టిన షరతు ఒక్కటే: సీలు మా ఇంట్లో, ఆయన ఎదుటే విప్పాలి, చెయిన్ ఆయన చేతి కొలతకు అప్పుడే కుదించాలి. ఇది నా సొంత ఆలోచన కాదు. లాభానికి తిప్పేవాళ్లను దూరం పెట్టడానికి రోలెక్స్ వాచీలమ్మే దుకాణాల్లో కొన్నిచోట్ల కౌంటర్ దగ్గరే ప్లాస్టిక్ పొరలు ఒలిచి చెయిన్ సరిచేసి ఇస్తారు. జపాన్‌లో అయితే 2019లో కొన్ని మోడళ్లకు గుర్తింపు కార్డు చూసి, అదే మోడల్‌ను అదే మనిషికి అయిదేళ్ల దాకా మళ్లీ అమ్మకూడదన్న నియమం పెట్టుకున్నారు.

ఆయన ఆదివారం రైలులో వచ్చారు. పేపర్ కట్టర్‌తో పెట్టె సీలు కోసి, గాజు మీది పల్చటి పొర ఒలిచి, వెనుక మూత మీది నీలి స్టిక్కర్ తీసి, చెయిన్‌లో రెండు లింకుల పిన్నులు చిన్న సుత్తితో తట్టి బయటికి లాగాను. తీసిన లింకులు చిన్న కవరులో వేసి పెట్టెలో పెట్టాను. ఆ పది నిమిషాల్లో వాచీ ధర బజారులో కనీసం ఇరవై ముప్పై వేలు తగ్గి ఉంటుంది. ఆయనకూ ఆ సంగతి తెలుసు. కోస్తున్నంతసేపూ ఆయన చూపు డయల్ మీది నుంచి కదలలేదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి కొన్న ధర ఇస్తే చాలన్నాం. ఆయన ఒప్పుకోలేదు. "బజారులో లక్షన్నర దాకా ఉన్నదాన్ని అరవై నాలుగుకు తీసుకుంటే మీకు రుణపడినట్టు ఉంటుంది సార్, పెట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఎనభై ఇస్తాను, అంతకంటే నా దగ్గర లేదు" అన్నారు. నేను ఇంకా ఏదో అనబోతుంటే, వాచీ తనది కాబట్టి మాట తనదే అని మా ఆవిడ ఎనభైకి సరేనంది. మళ్లీ అమ్మరు కదా అని అడిగింది కూడా ఆమే. "మూడు నాలుగేళ్లకు అవసరం పడితే అమ్ముకుంటానమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాలి" అన్నారాయన. ఆ జవాబు విన్నాక ఆమెకు ఇంకేమీ అడగాలనిపించలేదు. వారంటీ పేరు మార్పు అప్పటికప్పుడే కంపెనీకి పంపించాం. వచ్చిన డబ్బులోంచి మామయ్య గారికి పెద్ద అంకెలు, వారం, తారీఖు ఉన్న వాచీ ఒకటి కొన్నాం.

ఈ సంగతి సికింద్రాబాద్ యువకుడికి ఎలాగో తెలిసింది. "అంటే పదహారు వేలు నువ్వు గూడ మిగుల్చుకున్నవ్ కదన్నా, ఇగ నీకూ నాకూ తేడా ఏంది?" అని ఫోన్ చేశాడు. మిగిలిన మాట నిజమేనని, దాన్ని కష్టమనో సేవ అనో మేము అనడం లేదని చెప్పాను. మా ఆవిడ టిక్కు పెట్టిన నాడు అందులో రాసినదే ఆమె ఉద్దేశం. నీ పది టిక్కుల్లో ఒక్కదాని గురించైనా ఆ మాట అనగలవా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వచ్చే దసరాకు ఆ కంపెనీ ఎరుపు ఎనామెల్‌తో ఇంకో వంద తెస్తోందని, ఈసారి లాటరీ పద్ధతట అని చెప్పి, "వదిన పేరు గూడ ఇయ్యరాదే అన్నా, పడితే అయిదు వేలు ఇస్త" అన్నాడు. ఫోన్ మా ఆవిడకు ఇచ్చాను. ఎరుపు తనకు నచ్చుతుందని, తన పేరు మీద పడితే తనే పెట్టుకుంటానని ఆమె చెప్పింది.